పగిలిన రాయి పక్కన మూడో మంగు

పోయిన మంగళవారం పొద్దున పాలు తూచే కొట్టం ముందు వరసలో నిలబడి ఉన్నాను. మా మంత్రసాని మామ్మ కోడలు చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చి, "మా అత్త పోనాది సామీ" అని చెప్పి నేల మీద కూలబడింది. నా చేతిలో బకెట్టు ఒరిగింది. రబ్బరు పాలు కాళ్ల మీద పడ్డాయి. కడుక్కోవాలని తోచలేదు. సాయంత్రానికి అవి నా పాదాలకు రెండో చర్మంలా గడ్డకట్టాయి. చితి దగ్గర నిలబడినప్పుడు కూడా నా కాళ్ల మీద ఆ తెల్లని పొర ఉంది.

ఈ సంచిక చదివే అయ్యలకూ అమ్మలకూ నేనెవరో కొంత చెప్పుకోవాలి. నేను చదువుకున్నవాణ్ని కాను. బియ్యం బస్తాల మీద అచ్చువేసిన అక్షరాలు చూసి చదవడం నేర్చుకున్నాను. మా తాత ఓడలో తెచ్చిన గ్రంథం ఒకటి అట్ట ఊడిపోయి మూటలో ఉంటే, దాన్ని పదేళ్లపాటు కూడబలుక్కుని చదివాను. శుక్రవారం శుక్రవారం మా తోట భజన కొట్టంలో ప్రసంగం చేస్తాను. అందుకే అందరూ నన్ను సామి అంటారు. కల్లు దుకాణం ముందు నిలబడి అరిచి రెండు పళ్లు పోగొట్టుకున్నవాణ్ని. నేను మెత్తగా మాట్లాడే మనిషిని కాను. ఈరోజు మాత్రం ఎవరినీ తిట్టడానికి రాయడం లేదు. తిట్టవలసినవాడు ఈ కాగితం మీద కలం పట్టుకుని ఉన్నాడు.

మామ్మ గురించి చెప్పాలంటే ముందు మా కొండ గురించి చెప్పాలి. ఆ కొండ ఇప్పుడు ఏ పటంలోనూ ఊరుగా లేదు.

కువాలా సెలంగోర్ నుంచి లోపలికి, తోటలన్నీ దాటాక, నేల మెల్లగా పైకి లేస్తుంది. ఆ వాలంతా రబ్బరు చెట్లు. చెట్లు అయిపోయిన చోట రెండు వరసల ఇళ్లు ఉండేవి, ఎగువ లైను, దిగువ లైను. మా తాతలు విశాఖపట్నం రేవులో ఓడెక్కి వచ్చినప్పుడు ఇక్కడంతా అడవి. అడవి కొట్టింది వాళ్లే, మొక్కలు నాటింది వాళ్లే. కింద చిత్తడి నేలలో జ్వరాలు వచ్చి మనుషులు పోతుంటే, గాలి తగిలే చోట ఉంటామని కూలీల పెద్ద కంగాణిని బతిమాలి కొండ మీద ఇళ్లు వేసుకున్నారు. రెండు లైన్ల మధ్య ఊట ఒకటి ఉండేది. ఎండాకాలంలోనూ దాని నీళ్లు పళ్లు జివ్వుమనేలా ఉండేవి. పడమట వైపు వల్లకాడు. అక్కడ నిలబడితే, మబ్బు లేని సాయంత్రాల్లో సముద్రం సన్నని దారంలా మెరిసేది. ముసలివాళ్లు ఆ దారాన్ని చూస్తూ చుట్ట కాల్చుకునేవారు. తూర్పు వాలులో పెద్ద రాయి ఒకటి, పిడుగు పడి నడిమికి పగిలింది. ఆ రాయి చుట్టూ ఉన్న నేల మామ్మది.

కాగితం మీద కాదు. కానీ ఆ నేలలో ఎక్కడ ఏముందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

మా కొండ మీద బిడ్డ పుడితే, వెనక పడే మావిని ఇంటి దగ్గర పూడ్చేవారు కాదు. మామ్మ దాన్ని చిన్న కుండలో పెట్టి, పసుపూ ఉప్పూ వేసి, పైన గుప్పెడు బియ్యం పోసి, తూర్పు వాలుకు తీసుకుపోయి పూడ్చేది. కొత్తగా భూమ్మీదకు వచ్చినవాడి తరఫున నేలకు పెట్టే మొదటి ముద్ద అది అనేది. గుర్తుగా పైన ఒక మంగు బోర్లించేది. మంగు అంటే మేము రబ్బరు చెట్టుకు కట్టి పాలు పట్టే పింగాణీ గిన్నె. ఒక్కో తల్లి బిడ్డలకు ఒక్కో వరస. ఆ మనిషి బతికి ఉన్నంత కాలం మంగు బోర్లా ఉంటుంది. పోయాడా, మామ్మ వెళ్లి దాన్ని వెల్లకిలా తిప్పి వస్తుంది. మా ఊరి చరిత్ర అంతా ఆ వాలు మీద ఉండేది. పుట్టినవాళ్లు నేలను చూస్తూ, పోయినవాళ్లు ఆకాశాన్ని చూస్తూ.

వాన పడితే ఆ వాలు నుంచి శబ్దం వచ్చేది. బోర్లా ఉన్న మంగులు మోగవు. వెల్లకిలా ఉన్నవే మోగుతాయి. చినుకులు మొదలయ్యేటప్పుడు టక్ టక్ మంటూ ఒక్కొక్కటీ పలికేవి, నీళ్లు నిండేకొద్దీ సద్దుమణిగేవి. ఆ కాసేపూ లైనులో ఎవరూ పెద్దగా మాట్లాడేవారు కాదు. మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని చెవి అటు పెట్టేది. నాకు ముందు పుట్టి పోయిన ఇద్దరి మంగులూ అక్కడ ఉన్నాయి.

జపాను వాళ్ల కాలంలో మా మగవాళ్లను సయాం దేశంలో రైలు దారి వేయడానికి తీసుకుపోయారు. చాలామంది తిరిగి రాలేదు. వాళ్ల పెళ్లాలు వచ్చి మంగు తిప్పెయ్యమని ఏడ్చినా మామ్మ తిప్పలేదు. "కళ్లతో సూసినోడు వచ్చి సెప్పాల. అప్పుడు తిప్పుతాను. బతికున్నోడి మంగు తిప్పితే ఆడెక్కడున్నా కాలు తడబడిపోతాది" అనేది. ఈ మాట గుర్తుంచుకోండి. నేను మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

తరువాత, అడవిలో చేరిన కమ్యూనిస్టుల మీద తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ వచ్చింది. అడవిలోని వాళ్లకు కొండ మీది వాళ్లు అన్నం పెడుతున్నారని పైవాళ్లకు అనుమానం. ఒక ఉదయం లారీలు వచ్చాయి. మధ్యాహ్నానికల్లా మమ్మల్ని, మా కోళ్లను, మా దేవుడి పటాలను ఎక్కించుకుని కింద చదునులో కట్టిన కొత్త లైన్లలో దింపారు. చుట్టూ ముళ్లకంచె, ఒక్కటే గేటు. వెనక్కి తిరిగి చూస్తే ఎగువ లైను మీద పొగ లేచింది. మామ్మ లారీలో నిలబడి తూర్పు వైపే చూసింది. "రాళ్లు కాలవులే" అంది, ఎవరితోనో తెలియదు.

అప్పటి నుంచి ఏ గింజా గేటు దాటకూడదు. పనికి పోయేటప్పుడు కావలివాళ్లు మొలలో, తలపాగాలో, సంచిలో చేతులు పెట్టి వెతికేవారు. కొండవాలు మీది రబ్బరుకు మాత్రం పగలు మమ్మల్ని పంపేవారు. మామ్మ గడ్డి కోసే గుంపులో పోయేది. కంచె లోపల పుట్టిన పిల్లల మావి కూడా ఆమె కొండకే మోసింది. బుట్టలో కుండ, కుండలో రక్తం చూసి కావలివాళ్లు ముక్కు మూసుకుని పొమ్మనేవారు. రక్తం కింద చిన్న మూటలో గుప్పెడు బియ్యం ఉండేది.

ఆ సంగతి నాకు తెలుసు. మా లైనులో అందరికీ తెలుసు.

ఇక నా సంగతి. అప్పుడు నాకు పాతికేళ్లు లేవు. గ్రంథం తల నుంచి తోక దాకా చదివేశానన్న పొగరు. ఆ శుక్రవారం భజన కొట్టం నిండిపోయింది. మూఢాచారాల మీద విరుచుకుపడ్డాను. నా గొంతు నాకే ముచ్చటేసింది. ఆ ఊపులో ఇలా అన్నాను: "మన పిల్లలకి కొలిచి బియ్యమిస్తుంటే, మన మంత్రసాని ఆ బియ్యాన్నే గేటు దాటించి మట్టిలో పోస్తోంది. ఇది దేవుడికి పెట్టినట్టా, చెదలకి పెట్టినట్టా?"

జనం నవ్వారు. మామ్మ కూడా ముందు వరసలో కూర్చుని నవ్వింది. వెనక తలుపు దగ్గర ఆఫీసులో లెక్కలు రాసే కిరాణి ఒకడు నిలబడి ఉన్నాడు. అతను నవ్వలేదు.

తరువాతి పురుడు నాటి ఉదయం గేటు దగ్గర కుండను బోర్లించారు. మామ్మ చేతులు వెనక్కి కట్టి లారీ ఎక్కించారు. నేను పనివాళ్ల వరసలో ఆమెకు నలుగురు మనుషుల వెనక ఉన్నాను. ఆమె తిరిగి చూసింది. కోపంగా చూసి ఉంటే నేను ఎప్పుడో కోలుకునేవాణ్ని. లెక్క తప్పిన వరసను మళ్లీ చూసుకునేదానిలా చూసింది.

ఎనిమిది నెలలు జైల్లో ఉంచారు. ఆ ఎనిమిది నెలల్లో కంచె లోపల రెండు పురుళ్లు జరిగాయి. ఒక బిడ్డ దక్కాడు. రెండోసారి బిడ్డ అడ్డం తిరిగింది. ఆసుపత్రికి తీసుకుపోయే లారీ గేటు దగ్గర అనుమతి కోసం ఆగి ఉండగానే తల్లీ బిడ్డా పోయారు. ఆ తల్లి నాతో కలిసి ఊట దగ్గర ఆడుకున్న మనిషి. నేను ఆమెను అక్కా అని పిలిచేవాణ్ని.

మన పురాణంలో ఒక రాజు ఉన్నాడు. అబద్ధం ఎరగనివాడు కనుక అతని రథం నేలకు నాలుగు అంగుళాల పైన నడిచేదట. యుద్ధంలో సగం నిజం పైకి చెప్పి, మిగతా సగం గొణిగాడు. రథం నేలకు దిగింది. ఈ కథ నేను ఎన్నోసార్లు చెప్పాను. సగం నిజం చెప్పినవాడికే ఆ గతి అని గర్జించాను. వినండి. నేను మొత్తం నిజం చెప్పాను, గొంతెత్తి చెప్పాను, ఒక్క అక్షరం గొణగలేదు. నా రథం నేలకు దిగలేదు, నేలలోకే దిగబడింది.

మామ్మ తిరిగివచ్చిన రోజున నేను పాలకొట్టం వెనక దాక్కున్నాను. ఆ శుక్రవారం ఆమె భజన కొట్టానికి వచ్చి, ఎప్పటి చోటే కూర్చుంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది.

"ఏటి సామీ, ఈయేళ ఏటి సెప్తావు?"

ఏదో పాట అందుకుని ముగించాను. అందరూ వెళ్లాక ఆమె గోడ పట్టుకుని లేచింది. "నువ్వు సెప్పినాది నిజమే, బావూ. నిజానికి కాళ్లు నేవు. ఎవుడో ఒకడు మోసుకెల్తాడు. ఎవుడి నెత్తినెడుతున్నావో సూసుకుని సెప్పాల" అని వెళ్లిపోయింది. ఆ తరువాత మూడేళ్లు ఆమె నాతో పని మాట తప్ప మాట్లాడలేదు. నేను క్షమాపణ అడగలేదు. వేల మందికి పశ్చాత్తాపం గురించి చెప్పినవాణ్ని, ఒక్క ముసలిదాని గడప ఎక్కలేకపోయాను.

ఎక్కించింది నా భార్య నొప్పులు. తెల్లవారుతుండగా మామ్మ తలుపు ముందు నిలబడ్డాను. ఆమె లోపల్నుంచే అంది: "నీళ్లు కాగెట్టినావా, నేదా? అలా గుంజలాగ నిలబడిపోతే బిడ్డ దానంతటదే నడిసొచ్చేస్తాదేటి?"

ఆడపిల్ల పుట్టింది. మామ్మ మావిని కుండలో పెట్టింది, పసుపు వేసింది, ఉప్పు వేసింది, ఆగింది. అప్పటికి కంచె లోపలికి పచ్చి బియ్యం రావడమే మానేసింది. అందరికీ ఒకేచోట వండిన అన్నమే పెట్టేవారు.

"బియ్యం నేవు. ఒగ్గేయ్. ఇలాగే అట్టుకెల్తాను" అంది.

"నాను తెస్తాను" అన్నాను.

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "నువ్వా? గేటు దాటించి మట్టిలో పోస్తావా? చెదలకి?"

నేను భజన కొట్టానికి వెళ్లాను. దేవుడి పాదాల దగ్గర భరిణెలో పాత అక్షతలు ఉన్నాయి, పురుగు పట్టినవి. గుప్పెడు తీసి కాగితంలో చుట్టి, గ్రంథం ఆకుల మధ్య పెట్టి, గుడ్డతో ఎప్పటిలాగే మూట కట్టాను. గేటు దగ్గర మామ్మ బుట్టను పొడిచి చూశారు. నా వంతు వచ్చింది. మలాయి కావలివాడు నా మొల తడిమి, మూట మీద చేయి వేశాడు. అందులో గింజ దొరికితే నాకూ ఆ లారీయే. నా భార్య ఇంకా తడి గుడ్డల మీదే ఉంది.

"కితాబా?" అని అడిగాడు, దేవుడి పుస్తకమా అని.

తల ఊపాను. అతను చేయి వెనక్కి తీసుకుని, తన షర్టుకు తుడుచుకుని, "పో" అన్నట్టు గడ్డం ఎగరేశాడు. నా జీవితంలో గ్రంథాన్ని అంత నమ్మి పట్టుకున్న రోజు ఇంకోటి లేదు.

కొండ ఎక్కాం. ఎగువ లైను ఉన్నచోట లాలాంగు గడ్డి నడుం ఎత్తు పెరిగింది. ఊట ఆకులతో పూడిపోయింది. మామ్మ మాత్రం గడ్డిలో నడుస్తూ, ఇళ్లు ఉన్నట్టే పక్కకు తప్పుకుంటూ పోయింది. ఒకచోట వంగి నడిచింది. అక్కడ ఎవరిదో చూరు ఉండేది. "ఇక్కడ మెట్టు, సూసుకో" అంది. మెట్టు లేదు. నేను కాలెత్తి వేశాను.

తూర్పు వాలులో నా కూతురి కుండ పూడ్చింది. అక్షతలు నేనే పోశాను. మంగు బోర్లించి, అరచేత్తో ఒకసారి నొక్కింది.

"నాదెక్కడ మామ్మా?"

"ఉంది."

"సూపించవా?"

"గేటు ఊడపీకిన రోజున సూపిస్తాను. ముందు ఎల్లి పెళ్లాన్ని సూసుకో."

దిగేటప్పుడు పగిలిన రాయి దగ్గర ఆగింది. వంగి, వెల్లకిలా ఉన్న ఒక మంగును తీసింది. అందులో నల్లటి వాననీళ్లు. పారబోసి, బోర్లించి పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచింది.

"ఏటది?"

"ఏటీ నేదు. నీళ్లు నిలిస్తే దోమలు గుడ్లెడతాయి. దొర తిడతాడు."

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. మూడేళ్ల తరువాత ఆమె నాతో నవ్వడం అదే మొదలు. ఆ సంతోషంలో ఇంకేమీ ఆలోచించలేదు.

మెర్దేకా నాడు, అంటే ఈ దేశానికి స్వతంత్రం వచ్చిన నాడు, ఆఫీసు ముందు రేడియో పెట్టారు. కౌలాలంపూర్ నుంచి జనం అరుపులు వినిపించాయి. కొత్త జెండా చూపిస్తూ నేను గంటసేపు ప్రసంగించాను. మామ్మ అంతా విని అడిగింది: "గేటు తీసేసినారా?"

"తీస్తార్లే, కొన్నాళ్లకి."

"అయితే మనకింకా రానేదు" అని ఇంటికి పోయింది.

గేటు తీసిన నాటికి ఆమె మోకాళ్లు పనికిరాకుండా పోయాయి. వీపు మీద మోసుకుపోతానన్నాను. "నన్ను మోయాల్సిన రోజు ఎలాగూ వస్తాది, తొందరేటి?" అంది. వెళ్లిన ప్రతిసారీ అడుగుదామనుకునేవాణ్ని, నన్ను క్షమించావా అని. వెళ్లిన ప్రతిసారీ ఆమె నా కూతురి పళ్లు ఎన్నొచ్చాయో అడిగేది. నేను పళ్లు లెక్కపెట్టి చెప్పి తిరిగొచ్చేవాణ్ని. ఒకసారి మాత్రం తనంతట తానే అంది: "నాను పుట్టినాది ఓడకి అవతల. మూడేళ్లదాన్ని సంకనెట్టుకుని తెచ్చింది మాయమ్మ. నాకిక్కడ మంగు నేదు, సామీ. తిప్పడానికేటీ నేదు."

మంగళవారం మధ్యాహ్నం ఆమెను మోశాం. దారిలో పాడె దింపి, పోయినవాళ్లను మూడుసార్లు పిలిచే చోటు కొండ మీద ఉన్నప్పుడు ఊట దగ్గర ఉండేది. ఇప్పుడు గేటు గుంజ పీకేసిన గుంత దగ్గర దింపుతున్నాం. ఎవరూ అలా నిర్ణయించలేదు, అలవాటైంది. నేను వంగి ఆమె చెవిలో పిలిచాను.

మూడో రోజున కోడలు నా ఇంటికి వచ్చింది. "అత్త నీకొక మాట సెప్పమంది సామీ. పగిలిన రాయి పక్కన వరసలో మూడున్నాయంట. రెండు ఎల్లకిలా. బోర్లా ఉన్నాది నీదంట."

నేను ఒక కొత్త మంగు తీసుకుని కొండ ఎక్కాను. మామ్మ కోసం. ఆమె అక్కడ పుట్టకపోయినా ఆ వాలంతా ఆమెదే కదా అనుకున్నాను. గడ్డిని కత్తితో నరుక్కుంటూ పోయాను. మెట్టు లేని చోట నా కాలు దానంతట అదే లేచింది.

రాయి పక్కన మూడు మంగులు ఉన్నాయి. మొదటి రెండింటిలో నీళ్లు, ఆకులు. నాకు ముందు పుట్టి పోయిన మా అన్న, మా అక్క. మూడోది బోర్లా. అది ఆ రోజు ఆమె నీళ్లు పారబోసిన మంగు.

ఎత్తి తిప్పి చూశాను. లోపల నల్లటి చారలు, ఒకదాని కింద ఒకటి, నీళ్లు నిండి, ఎండి, మళ్లీ నిండి, మళ్లీ ఎండిన గుర్తులు. అడుగున ఎండిన నాచు. పై వరసలో బోర్లా ఉన్న మంగులు నాలుగైదు ఎత్తి చూశాను. వాటి లోపల నిన్న కొన్నట్టు తెల్లగా ఉంది. ఎప్పుడూ వాన చూడనివి.

అయ్యలారా, సయాం అడవిలో కనిపించకుండా పోయినవాళ్ల మంగులు కూడా తిప్పని మనిషి, బతికి కళ్ల ముందు తిరుగుతున్న నా మంగు తిప్పింది. జైలు నుంచి వచ్చి, గేటు దగ్గర పోయిన ఆ తల్లి మంగు తిప్పడానికి ఎక్కిన రోజునే తిప్పి ఉంటుంది. మూడేళ్లు నేను చచ్చినవాణ్ని. ఆ మూడేళ్లూ కొండ మీద వాన పడినప్పుడల్లా నా మంగు మోగింది. నేను కింద కొట్టంలో నిలబడి ఆత్మకు చావు లేదని ప్రసంగించాను.

తరువాత ఒక ఉదయం, దోమల మీద నెపం పెట్టి, నా కళ్ల ముందే నన్ను తిరిగి బతికించింది. నేను నవ్వాను.

నా మంగును అది ఉన్న గుంటలోనే, ఆమె పెట్టినట్టే బోర్లించాను. ఆ చారలు కడగలేదు. కొత్త మంగును రాయి చీలిక ముందు వెల్లకిలా పెట్టి, అరచేత్తో ఒకసారి నొక్కాను. జేబులో గుప్పెడు బియ్యం ఉన్నాయి. ఎవరూ వెతకలేదు. మట్టిలో పోసి దిగడం మొదలుపెట్టాను.

ఊట దాటుతుండగా చినుకులు పడ్డాయి. వెనక వాలు మీద పాత మంగులు మెల్లగా అందుకున్నాయి. అన్నీ సగం నీళ్లతో ఉన్నవి కనుక మందంగా పలుకుతున్నాయి. వాటి మధ్య ఒక్కటి మాత్రం, అడుగు పొడిగా ఉన్న కొత్తది, గట్టిగా, విడిగా మోగుతోంది. అది నిండేదాకా గడ్డిలో నిలబడి విన్నాను.